తేలని మామయ్య లెన్సు

పందొమ్మిదేళ్లుగా ఒకే ఒక్క లెన్సు ఎంచుకుంటున్న మనిషిని ఎక్కడైనా చూశారా? చూడకపోతే ఈ మామయ్యని చూడాల్సిందే. మనుషుల ముఖాలు ఫొటో తీయడానికి సరైన లెన్సు ఏదో తేల్చుకుందామని ఆయన ముప్పై తొమ్మిదో ఏట మొదలుపెట్టాడు. యాభై ఎనిమిదో ఏడు వచ్చేసింది. "ఏమైంది, తేలిందా?" అని ఎవరైనా అడిగితే కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "ఇంకా తేలలేదు" అనేవాడు. ఆ మాట విని విని, ఆయన సొంత మేనకోడలే ఒకరోజు విసుగెత్తి "తేలని మామయ్య" అంది. అంతే, చుట్టాలందరూ ఆ పేరే ఖాయం చేసేశారు.

ఆయన దగ్గరున్నది పాతకాలపు ఫిల్ము కెమెరా. రేంజ్‌ఫైండర్ అంటారు. అందులో లెన్సులోంచి చూడటం ఉండదు, పక్కనున్న చిన్న కిటికీలోంచి చూడాలి. కిటికీ మధ్యలో ఎదుటి మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. లెన్సు మీది రింగు తిప్పుతూ ఆ ఇద్దర్నీ ఒక్కరుగా కలిపామా, ఫొటో స్పష్టంగా వస్తుంది. "ఇద్దర్ని ఒకటి చేయడం పెద్ద పనేం కాదు, ఎంత దూరంలో నిలబెట్టాలన్నదే గొడవంతా" అనేవాడు మామయ్య. ఈ మాట మేనకోడలి పెళ్లిలో కూడా గట్టిగా అన్నాడు, పెళ్లికొడుకు తరఫు వాళ్లందరూ వింటుండగా.

కెమెరాతో పాటు వచ్చిన ముప్పై ఐదు నంబరు లెన్సు గోడలకీ వీధులకీ సరిపోతుంది. ముఖాలకి సరిపోదు. ముఖాలకి యాభై ఉంది, డెబ్బై ఐదు ఉంది, తొంభై ఉంది, నూట ముప్పై ఐదు ఉంది. నంబరు పెరిగేకొద్దీ మనిషికి దూరంగా జరిగి తీయాలి. ఈ నాలుగింటి మధ్యా ఆయన జీవితం నలిగిపోయింది. పాత కెమెరాలమ్మే షాపు రెండో అంతస్తులో ఆయనకి ప్రత్యేకంగా ఒక స్టూలు ఉండేది. ఆ షాపుకి ఇప్పుడున్నది మూడో యజమాని. మొదటాయన వయసైపోయి మానుకున్నాడు. రెండో ఆయన మాత్రం మామయ్య వల్లే అమ్మేసుకుని వెళ్లిపోయాడని అంటారు.

"యాభై తీసుకోండి సార్, చిన్నగా ముచ్చటగా ఉంటుంది" అనేవాడు షాపాయన.

"యాభైతో ముఖం నిండాలంటే మీద పడ్డట్టు దగ్గరికెళ్లాలయ్యా. ముక్కు ముందుకొచ్చేస్తుంది, చెవులు వెనక్కి పారిపోతాయి."

"పోనీ తొంభై?"

"తొంభైతో వెనక్కి జరగాలి. ఎదుటి మనిషి మనతో మాటల్లేని చుట్టంలా నిలబడతాడు. పైగా ఆ కిటికీలో తొంభైకి గీసిన గీతలు చూశావా? తపాలా బిళ్లంత. అందులో మనిషిని వెతుక్కోవాలి."

"మధ్యలో డెబ్బై ఐదుంది కదా సార్!"

"అదే అనుకుంటున్నా. కానీ అది చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఇంకో నాలుగడుగులు వెనకుంటే బాగుండుననిపిస్తుంది."

షాపాయన లోపలికెళ్లి మంచినీళ్లు తాగొచ్చేవాడు.

ఈ జబ్బు షాపు దగ్గర ఆగితే బాగుండేది. మామయ్య లోకంలో ఎవరిని చూసినా నంబరు చెప్పేసేవాడు. ఆయన ఉద్యోగం తూనికలు కొలతల శాఖలో. ఇత్తడి తూకపు గుళ్ల పెట్టె పట్టుకుని కొట్టు కొట్టుకీ తిరిగి త్రాసులు సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలి. "మీ పై అధికారి ఎలాంటివాడు?" అని మేనకోడలు అడిగితే, "మంచివాడే తల్లీ, కాకపోతే నూట ముప్పై ఐదు. దగ్గరికి రానివ్వకూడదు" అన్నాడు. పక్కింటావిడ తొంభై. వాళ్ల పిల్లి యాభై.

మేనకోడలి పెళ్లికి ఫొటోల బాధ్యత ఆయనకే అప్పగించారు. అది ఎవరి తెలివో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు. మామయ్య పెళ్లికొడుకుని ఎగాదిగా చూసి, "అల్లుడుగారి ముఖానికి తొంభై కావాలి, నా దగ్గర లేదు" అని చెప్పి పక్కకి తప్పుకున్నాడు. ఫిల్ము కడిగిస్తే ముప్పై ఆరు ఫొటోలు వచ్చాయి. స్తంభాలు, కుర్చీల వరసలు, గుమ్మం దగ్గర చెప్పులు. పెళ్లికొడుకు బస్సు డ్రైవరు, ఓర్పున్న మనిషే. కానీ ఆ ఫొటోలు చూసిన రోజు మాత్రం, "మన పెళ్లికి కుర్చీలు బాగా వచ్చాయి" అని ఒక్క మాట అని బస్సెక్కి వెళ్లిపోయాడు.

అప్పట్లో ఇదంతా నవ్వులాట. తర్వాత నవ్వులాట కాకుండా పోయింది.

మేనకోడలి తల్లి, అంటే మామయ్యకి ఒక్కగానొక్క అక్క, ముప్పై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దింది. భర్త పోయాక కూతురి దగ్గరే ఉంటోంది. ఆవిడ కంటికి తప్పు కనబడితే ఊరుకోదు. మందు సీసా మీద అక్షరం తప్పుంటే ఎర్ర పెన్నుతో దిద్ది మరీ మందు తాగేది. అలాంటావిడకి ఎడమ చెవి వెనక గడ్డ వచ్చింది. ఆపరేషన్‌కి ముందు సంతకం పెట్టమని ఆసుపత్రివాళ్లు ఇచ్చిన కాగితంలో మూడు తప్పులు దిద్ది, అప్పుడు సంతకం పెట్టింది. గడ్డతో పాటు ముఖం నరం కూడా తెగింది. ఎడమ పక్క రెప్ప, చెంప, పెదవి జారిపోయాయి. ఆ కన్ను మూతపడదు. పడుకునేటప్పుడు ప్లాస్టరు అంటించి మూయాలి. ఇంత చేసినా గడ్డ మొత్తం రాలేదు.

మేనకోడలు మందుల షాపు కౌంటరులో పదకొండేళ్లుగా నిలబడుతోంది. డాక్టరు చీటీలో రాసిన మందులు చూడగానే ఆమెకి సంగతి తెలిసిపోయింది. అవి నయం చేసే మందులు కావు, నొప్పి తెలియకుండా ఉంచేవి. తల్లికీ తెలిసింది. ఇంట్లో అద్దాలన్నీ తీయించేసింది. తలుపు వేసుకుని తన గదిలో కూర్చుంది. కూతురు అన్నం పట్టుకొస్తే ముఖం మీద తువ్వాలు కప్పుకునేది. ఇంకెవరినీ రానిచ్చేది కాదు.

అప్పుడు కూతురికి ఇంకో భయం పట్టుకుంది. అమ్మ ఫొటో ఒక్కటి కూడా లేదు. ఏడాది కిందట గోడలో నీళ్ల గొట్టం పగిలి ఆల్బములున్న పెట్టె మొత్తం తడిసి ముద్దయింది. మిగిలింది అచ్చాఫీసు గుర్తింపు కార్డు ఒక్కటే. అందులో గడ్డం నుంచి ముక్కు దాకా ఆఫీసు ముద్ర గుద్దేసుంది. రేపు అమ్మ లేకపోతే చూసుకోవడానికి ఆ ముద్ర ఒక్కటే ఉంటుందని తలుచుకుంటే ఆమె నిలవలేకపోయింది. మామయ్య దగ్గరికి పరుగెత్తింది.

"మామయ్యా, అమ్మది ఒక్క ఫొటో తియ్యి. ఒక్కటి చాలు. నాకేం మిగల్లేదు."

మామయ్య కళ్లద్దాలు తీశాడు. తుడిచాడు. పెట్టుకున్నాడు.

"లెన్సు తేలాలి కదమ్మా" అన్నాడు.

ఆ మాటకి ఆమెకి ఒళ్లు మండిపోయింది. చేతిలో ఉన్న సంచీ నేలకేసి కొట్టి వచ్చేసింది.

మర్నాడు ఉదయం పదింటికి మామయ్య మెడలో కెమెరాతో, చంకలో పలకతో దిగాడు. మేనకోడలు మందుల షాపుకి బయల్దేరుతోంది. ఆయన తిన్నగా అక్క గది తలుపు తట్టాడు.

"ఎవరూ రావద్దు" అని లోపల్నుంచి ముద్దముద్దగా మాట.

"నేనక్కా. షాపాయన తొంభై అరువిచ్చాడు, పరీక్ష చేసుకోమని. మీ ఇంట్లో మంచి వెలుతురొచ్చే కిటికీ నీ గదిలోనే ఉంది."

"ఒరేయ్, నా మొహం తీశావంటే కెమెరా పగలగొడతాను."

"నీ మొహం ఎవడిక్కావాలే! నాక్కావాల్సింది పలక. పలక మీద అక్షరాల అంచులు పదునుగా వస్తున్నాయో లేదో చూడాలి. గోడకి ఆనిస్తే జారిపోతోంది. కాస్త పట్టుకుంటావా లేదా?"

లోపల గడియ తీసిన శబ్దం వినిపించింది. మామయ్య లోపలికెళ్లాక మళ్లీ గడియ పడింది. మేనకోడలు గుమ్మంలోనే నిలబడి, 'చచ్చిపోయే మనిషి చేత పలక పట్టిస్తున్నాడు, ఈయన మనిషేనా' అనుకుంది. షాపుకి ఆలస్యమవుతోందని వెళ్లిపోయింది.

అది మొదలు రోజూ అదే తంతు. పొద్దున్న పదింటికి రావడం, గంటసేపు గదిలో గడియ వేసుకుని ఉండటం, ఆ తర్వాత ఇత్తడి గుళ్ల పెట్టె తీసుకుని ఉద్యోగానికి పోవడం. ప్రతి సోమవారం కొత్త లెన్సు. "ఈ వారం యాభై." "ఈ వారం నూట ముప్పై ఐదు, కుర్చీ బాగా వెనక్కి జరపాలి." "ఈ వారం మళ్లీ తొంభై, కాకపోతే వేరే కంపెనీది."

"తేలిందా?" అని మేనకోడలు పళ్లు కొరుక్కుంటూ అడిగేది.

"ఇంకా తేలలేదు."

"అమ్మ ఫొటో?"

"పలక ఫొటోలేనమ్మా ఇవన్నీ. ముందు లెన్సు తేలనీ."

నాలుగో వారానికి తల్లి నమలడం మానేసింది. పలచగా చేసిస్తే తనే చెంచాతో తాగేది. ఆరో వారానికి మాట పోయింది. ఏం కావాలన్నా ఆ పలక మీదే రాసి చూపించేది. కూతురు వచ్చినప్పుడు మాత్రం తువ్వాలు తీసేది కాదు. కూతురు గుమ్మం అవతల కూర్చుని గోడకి తలకొట్టుకుని ఏడ్చేది. భర్త డ్యూటీ నుంచి వచ్చి పక్కన కూర్చునేవాడు.

"నేనే ఓ ఫొటోగ్రాఫరుని పిలుచుకు రానా?" అన్నాడతను.

"అమ్మ గడియ తీసేది ఆయన ఒక్కడికే" అందామె. "ఆయనేమో పలకని తీస్తున్నాడు."

ఎనిమిదో వారం ఆమె కెమెరాల షాపాయన దగ్గరికెళ్లి చేతులు జోడించినంత పని చేసింది. "ఏదో ఒక లెన్సు ఆయన చేతిలో పెట్టండి. ఇదే సరైనదని అబద్ధమైనా చెప్పండి. మా అమ్మకి రోజుల్లేవు."

షాపాయన నేల చూపులు చూశాడు. "పెడుతూనే ఉన్నానమ్మా" అని మాత్రం అన్నాడు. ఆమెకి ఆయన మీద కూడా కోపం వచ్చింది.

పదో వారం ఒక సాయంత్రం మామయ్యని వీధి గుమ్మంలో నిలబెట్టి దులిపేసింది. "ఒక్క పనైనా చేశావా నీ జీవితంలో? నా పెళ్లికి కుర్చీలు తీశావు. మా అమ్మ పోతుంటే పలక తీస్తున్నావు. నువ్వు తేల్చుకునేలోపు అక్కడ మనిషుండదు, తెలుసా?" మామయ్య కళ్లద్దాలు తీశాడు కానీ, తుడిచి మళ్లీ పెట్టుకోకుండా అలాగే చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు. పొద్దున్న పదింటికి మాత్రం ఠంచనుగా వచ్చాడు.

పదకొండో వారం బుధవారం పొద్దున్న ఆవిడ పోయింది. మామయ్య కెమెరా మెడలో వేసుకుని వచ్చేసరికి ఇంటి ముందు బెంచీలు వేస్తున్నారు.

అన్నీ అయిపోయాక నాలుగో రోజున మేనకోడలు గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. ఆ ముద్రని చెరిపి ఫొటో పెద్దది చేయించడం కుదురుతుందేమో అడగాలి. ఎవరిని అడిగినా ముద్ర తీస్తే గడ్డం కూడా పోతుందంటారని ఆమెకి తెలుసు. అంతలో మామయ్య వచ్చాడు. చేతిలో ఇత్తడి గుళ్ల పెట్టె ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి మూత తీశాడు. లోపల గుళ్లు లేవు. కాగితాలున్నాయి, ఇరవై మూడు. ఒక్కో కాగితం మీద ఒక్కో ఫిల్ములోని ఫొటోలన్నీ చిన్న చిన్న చదరాలుగా అచ్చు వేసున్నాయి.

"లెన్సు తేలిపోయిందమ్మా" అన్నాడు.

"ఇప్పుడా?" అందామె.

"చూడు ముందు." భూతద్దం చేతికిచ్చాడు.

మొదటి వారం కాగితంలో అన్నీ పలకలే. పలక మీద అమ్మ గుండ్రటి రాత, "90. కిటికీ. పది గంటలు." పలకకి అటూ ఇటూ అమ్మ వేళ్లు. పైన తెల్లజుట్టు కొద్దిగా. ముఖం మొత్తం పలక వెనకే. రెండో వారం పలక పై అంచు మీదుగా కుడికన్ను ఒకటి తొంగి చూస్తోంది. మూడో వారం కుడికన్ను, సగం ముక్కు. పలక మీద నంబరు కింద చిన్నక్షరాలతో, "నడుం లాగుతోంది, త్వరగా కానియ్యి." అయిదో వారానికి పలక గడ్డం దాకా దిగింది. "అమ్మాయి కాచే సూపు ఉప్పు కషాయం. దానికి చెప్పకు." మేనకోడలికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చి దగ్గు పట్టుకుంది. ఏడో వారం, "వీడు చొక్కా బొత్తాలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నాడు." ఎనిమిదో వారానికి పలక గుండెల మీదికి దిగింది. ముఖం మొత్తం కనిపిస్తోంది. ఎడమ చెంప జారి, పెదవి వంకరపోయి, ఆ పక్క కన్ను మూతపడకుండా ఉంది. మూడు నెలలుగా కూతురికి చూపించని ముఖం. తొమ్మిదో వారం పలక మీద నంబరు కూడా లేదు. "ఇదే నా ముఖం. తియ్యి" అని ఉంది.

మేనకోడలు భూతద్దం కింద పెట్టేసింది. "ఏ లెన్సు తేలింది మామయ్యా?" అంది.

"డెబ్బై ఐదు. అన్నీ డెబ్బై ఐదుతోనే తీశా. మొదటి సోమవారమే తేలిపోయింది."

"మరి యాభై అన్నావు, తొంభై అన్నావు!"

"తేలిందంటే ఒక్క ఫొటో తీసి వెళ్లిపోవాలి కదే తల్లీ. ఆ ఒక్క ఫొటోకి మా అక్క ఛస్తే ఒప్పుకోదు. తేలకపోతే రోజూ రావచ్చు. ఎవరూ రాకుండా గడియేసుకున్న గదిలో ఓ గంట కూర్చోవచ్చు. అదేమో వెర్రిబాగులది, వీడికి ఇంకా తేలలేదు పాపం అని పలక పట్టుకునేది." ఆయన ముక్కు ఎగబీల్చాడు. "నువ్వు తిట్టినప్పుడు చెప్పేద్దామనుకున్నా. చెబితే నువ్వు గదిలోకొస్తావు. వస్తే అది మళ్లీ తువ్వాలు కప్పుకుంటుంది."

మేనకోడలు ఆయన చెయ్యి పట్టుకుంది. అన్న మాటలన్నీ వెనక్కి తీసుకునే దారి కనబడక అలాగే పట్టుకుని కూర్చుంది. అప్పుడు పెట్టె అడుగున విడిగా ఉన్న ఒక కాగితం కంటపడింది.

"అదేంటి?"

"అది వద్దులే. మంగళవారం తీసింది, చివరిది. నా చెయ్యి కదిలింది. పనికిరాదు."

"నీ చెయ్యి కదలడమేంటి మామయ్యా?" అని ఆమె లాగేసుకుంది.

అందులో ఒకటే ఫొటో, పెద్దది. కాస్త మసగ్గానే ఉంది. పలక ఒళ్లో ఉంది. అమ్మ నవ్వుతోంది. కుడి పక్క పెదవి పైకి, ఎడమ పక్క కిందికి, అయినా అది నవ్వే. పలక మీద ఇలా ఉంది:

"అన్నీ డెబ్బై ఐదే. లెన్సు ముందు గుండ్రంగా రాసుంది. మొదటి రోజే చదివా. రేపు కూడా రా."

మామయ్య తల గోక్కున్నాడు. "నంబరు లెన్సు ముందువైపే చెక్కుతారమ్మా. కెమెరా పట్టుకున్నవాడికి కనిపించదు, ఎదురుగా కూర్చున్న వాళ్లకి కళ్లెదుటే ఉంటుంది. ముప్పై ఏళ్లు కొలతల శాఖలో పనిచేశా. ఎదుటివాళ్లకి ఏం కనిపిస్తుందో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. పదకొండు వారాలు నేను తొంభై అని చెప్పడం, అది డెబ్బై ఐదు చదువుకుంటూ పలక మీద తొంభై అని రాయడం! కెమెరా కిటికీలోంచి ఈ పలక చదివేసరికి నవ్వొచ్చి చెయ్యి కదిలింది."

మేనకోడలు పగలబడి నవ్వింది. వంటింట్లోంచి భర్త ఏడుస్తోందనుకుని తడిచేతులతో పరుగెత్తుకొచ్చాడు.

"దీన్నే పెద్దది చేయించు మామయ్యా" అందామె.

"కదిలిందమ్మా! ఎనిమిదో వారంలో పదునైనవి ఎన్ని లేవు?"

"కదలనీ. ఇదే కావాలి."

అదే ముందు గదిలో పెట్టారు. పరామర్శకి వచ్చినవాళ్లు గుమ్మం బయటే ముఖం దిగులుగా పెట్టుకుని, ఏం మాట్లాడాలో సిద్ధం చేసుకుని లోపలికొస్తారు. ఫొటో దగ్గర ఆగుతారు. పలక చదువుతారు. చదివాక ఆ ముఖం అలా ఉంచుకోవడం ఎవరి వల్లా కావడం లేదు. "డెబ్బై ఐదేంటండీ?" అని అడుగుతారు. మామయ్య అక్కడే ఉంటే ఇక చెప్పాల్సిన పని లేదు, కుర్చీ దగ్గరికి లాక్కుని యాభై నుంచి మొదలుపెడతాడు. ఓదార్చడానికొచ్చిన వాళ్లని మేనకోడలే వెళ్లి విడిపించుకు రావాల్సి వస్తోంది.